కేక లేని వీధి

ఇప్పుడు కాకినాడలో ప్రతి ఇంటి గోడకూ కార్పొరేషన్ వాళ్ళు బిగించిన ఒక చెవి ఉంది. ఇంట్లో వాళ్ళు మామూలుగా అనుకునే మాటల్ని అది వింటుంది. ఎక్కువ ఇళ్ళలో ఏ మాట వినిపిస్తే ఆ వార్డుకి అదే రూలు. ఓటు కోసం ఎండలో నిలబడే బాధ తప్పిందని మొదట్లో అందరితోపాటు హైమ కూడా సంబరపడింది.

పోయిన వారం పాపకి జ్వరం. అప్పుడే కాస్త కునుకు పట్టిన పిల్ల, "తోటకూరా, గోంగూరా" అని వీధిలో వినిపించిన కేకకి ఉలిక్కిపడి లేచి ఏడ్చింది. "ఈ కేకలు ఎవరైనా మాన్పిస్తే బాగుణ్ణు" అంది హైమ విసుగ్గా. అదే విసుగు ఇంకెన్ని ఇళ్ళలో ఉందో గానీ, సోమవారం నుంచి వీధుల్లో కేకలు బంద్.

ఇవాళ పొద్దున ఎవరో తలుపు కొట్టారు. ఆకుకూరల సత్తెమ్మ. కేక వేసే వీల్లేక, గంప మోసుకుంటూ మూడో అంతస్తు దాకా ప్రతి తలుపూ తట్టుకుంటూ వచ్చింది. గడప దగ్గర కూలబడి మోకాళ్ళు ఒత్తుకుంది.

"ఏ తల్లి అందో గానండి, నా గొంతు నొక్కేసింది. మీరు మంచోరు. మీ గోడ దగ్గర నా గురించి ఓ మంచి మాట అనండమ్మగోరూ. ఇళ్ళల్లో అంటేనే వింటాదంట కదండీ."

హైమ కొన్న కట్టతోపాటు, అడక్కుండానే కొసరుగా ఇంకో గోంగూర కట్ట చేతిలో పెట్టింది. హైమ వద్దనలేకపోయింది. తలెత్తి ఆమె ముఖమూ చూడలేకపోయింది.

లోపల పాప, సోమవారం నుంచి రోజూ లాగే, హాయిగా నిద్రపోతోంది.

"చెప్తాలే సత్తెమ్మా, తప్పకుండా చెప్తాను" అంది హైమ, గోడకి వినపడనంత మెల్లగా.