విప్పకూడని పట్టీ

తిప్పుడు పట్టీ వచ్చాక ఎదురుకాళ్ళ కాన్పు అన్న మాటే జనం మరిచిపోయారు. నడుముకు చుట్టుకుంటే చాలు, కడుపులో బిడ్డను అదే మెల్లగా సర్ది తల కిందికి తెస్తుంది. పట్టీ మీది దీపం పచ్చగా ఉంటే ఇక దిగులు లేదు. కాన్పు ఆపరేషన్ల గదులన్నీ ఒక్కొక్కటే మూతపడ్డాయి.

వరహాలమ్మ తన కోడలు ఈశ్వరికి సీమంతం నాడే పట్టీ కట్టింది. నిండా పసుపు పూసి, పేరంటాళ్ళ చేత మూడు ముళ్ళు వేయించింది. శుభమా అని కట్టినదాన్ని పురుడయ్యేదాకా విప్పకూడదంది.

ఇప్పుడు నొప్పులు ముదిరాక, ఆసుపత్రిలో నర్సు ఆ పసుపు తుడిచింది. అడుగున బాణం గుర్తు బయటపడింది. అది పైకి చూస్తోంది.

"అమ్మా, పట్టీ తిరగేసి కట్టీసినారు. సక్కగున్న బిడ్డ తలని ఇన్నాళ్ళూ ఇదే పైకి తిప్పీసింది. తల బాణం ఏపుంటే సాలు, దీపం పచ్చగానే ఉంటాది."

"అయితే నీ సేత్తో తిప్పు తల్లీ!" అంది వరహాలమ్మ.

"ఆ పని మాకెవులు నేర్పినారు? డాక్టరమ్మకీ రాదు. నొప్పులొచ్చినాక పట్టీ వల్ల కూడా అవదు."

ఈశ్వరి అత్త చేతిని తన పక్కటెముకల కింద పెట్టుకుంది. గుండ్రంగా, గట్టిగా తగిలింది.

"తల ఇక్కడుందని నాను ముందే సెప్పినాను గదా అత్తా. దీపం పచ్చగుందన్నావు."

వరహాలమ్మ పట్టీ విప్పి, సరిగ్గా చుట్టి, మళ్ళీ మూడు ముళ్ళు వేసింది. ఈసారి బాణం కిందికే చూసింది.

దీపం ఎర్రబడింది.