యాభై అడుగులు

"ఈసారి కూడా నకిలీవాణ్ణి తెచ్చావంటే, రాజ్, ముందు నీ ఉద్యోగం ఊడుతుంది." డైరెక్టర్ పొద్దున్నే తేల్చి చెప్పేశాడు.

పోయిన నెల రాజ్ ఓకే చేసిన కుర్రాడు ఆఫీస్‌కి వచ్చి కీబోర్డు ముందు బిక్కమొహం వేశాడు. ఫోన్ ఇంటర్వ్యూలో అతని పేరుతో మాట్లాడింది వేరెవరో! ప్రాక్సీ. అమెరికాలో, ఈ ఆష్‌బర్న్ ఊళ్లో మన తెలుగువాళ్ల పరువు గంగలో కలిసింది.

అందుకే ఇవాళ్టి ఫోన్ ఇంటర్వ్యూకి రాజ్ పక్కన లిన్‌ని కూడా కూర్చోబెట్టారు. లిన్ చైనావాడు, నిదానస్థుడు. డేటాబేస్ అంటే ప్రాణం పెడతాడు.

"ముఖం చాటేసి ఉద్యోగాలు కొట్టేసే పిరికిపందలు!" అన్నాడు రాజ్. "వాళ్ల ఎత్తులన్నీ నాకు కొట్టిన పిండి."

లిన్ నవ్వాడు. "మా దేశంలో పూర్వం ఒక పండితుడు రాజుకి చెప్పిన కథ ఉంది. యుద్ధభేరి మోగగానే ఇద్దరు సైనికులు డాళ్లు పారేసి పరిగెత్తారట. ఒకడు వంద అడుగుల దాకా పోయాడు. ఇంకొకడు యాభై దగ్గరే ఆగి, ముందువాణ్ణి చూసి పిరికివాడని నవ్వాడు. ఇప్పటికీ మాలో ఆ యాభై అడుగుల మాట ఎత్తితే చాలు, అందరికీ అర్థమైపోతుంది."

"ఇప్పుడెందుకా కథ?"

"పిరికిపందలు అన్నావుగా, గుర్తొచ్చింది."

ఫోన్ మోగింది. రాజ్ స్పీకర్ ఆన్ చేసి, తన పేరు, లిన్ పేరు చెప్పాడు.

"హలో సర్, సిద్ధార్థ్ హియర్."

లిన్ మొదటి ప్రశ్న వేశాడు. అవతల చిన్న దగ్గు. "గుడ్ క్వశ్చన్, సర్." జవాబు తడుముకోకుండా వచ్చింది. ఇంకో ప్రశ్న. మళ్లీ అదే దగ్గు, అదే "గుడ్ క్వశ్చన్, సర్."

రాజ్‌కి అర్థమైపోయింది. ప్రాక్సీయే, సందేహం లేదు. అయినా ఆ మాట లిన్‌తో అనకుండా రెజ్యూమె తిరగేశాడు.

లిన్ మ్యూట్ నొక్కాడు. "రెజ్యూమెలో చూస్తే నిన్నగాక మొన్న చదువైపోయిన కుర్రాడు. గొంతు చూస్తే తలపండినవాడిదిలా ఉంది. వీడియోలోకి రమ్మను."

"అంత అవసరమా?"

"నీ ఉద్యోగం కోసమే చెప్తున్నా, రాజ్."

నిజమే. భయమేసింది. రాజ్ మ్యూట్ తీసి గొంతు సవరించుకున్నాడు. "సిద్ధార్థ్, ఒకసారి స్కైప్‌లోకి రండి. మీ ముఖం చూడాలి."

అవతల మళ్లీ అదే దగ్గు. లిన్ పెన్ను కింద పెట్టి ఫోన్ వైపు వంగాడు.

అప్పుడా గొంతు మెల్లగా, లిన్‌కి అర్థం కాకుండా, అచ్చ తెలుగులో అంది: "మీరే ఇలా అంటే ఎలా రాజ్ గారూ, అప్పట్లో మీ ఇంటర్వ్యూలో మాట్లాడింది కూడా నేనే కదండీ!"