వేరు చేసేది

"ఇది మగది," అని తనలో అనుకుంటూ ఆవిడ సూక్ష్మదర్శిని కింది కందిరీగ పిల్లపురుగును పట్టకారుతో ఎత్తి ఎడమ గిన్నెలో వేసింది. తోకవైపు చర్మం అడుగున కనీకనపడని జంట మచ్చలే మగదానికి గుర్తు. ఆ ప్రయోగశాలలో అవి ఆవిడ కంటికి తప్ప ఎవరికీ ఆనవు.

వెనక ప్రొఫెసరు, తమ వ్యాసాన్ని అచ్చువేయబోయే సంపాదకుడికి గది చూపిస్తున్నాడు. ఆ వ్యాసంలో తన పేరూ ఉంటుందని ఆవిడ ఆశ.

"ఆడా మగా ఇంత కచ్చితంగా ఎలా తేలుస్తున్నారండీ?" అన్నాడు సంపాదకుడు.

"ఇరవై ఆరేళ్ళుగా ఇక్కడే ఉంది. ఒక్కటీ తప్పు చెప్పదు."

మన భాషలో ఆడమనిషికీ యంత్రానికీ క్రియ ఒకటే. సంపాదకుడు సూక్ష్మదర్శినిని ముద్దుగా తట్టాడు.

"అబ్బో, గట్టి సరుకే! ఏ కంపెనీదండీ?"

ప్రొఫెసరు నవ్వాడే గాని దిద్దలేదు.

"వ్యాసంలో నా పేరు వేశారా సార్?" అంది ఆవిడ, తల తిప్పకుండానే.

"మైక్రోస్కోపు పేరు వేశాంగా అమ్మా! అందులో మీరూ ఉన్నట్టే."

ఆవిడ లేచింది. ఎడమ గిన్నెలోని పురుగులన్నిటినీ కుడి గిన్నెలోకి ఒంపేసి, దాన్ని సూక్ష్మదర్శిని ముందుకు జరిపింది.

"ఇక దాన్నే అడగండి."

వెనక్కి పిలుస్తారేమోనని తలుపు దగ్గర ఒక్క క్షణం ఆగింది. ప్రొఫెసరు నోరు తెరిచాడు, మళ్ళీ మూశాడు. ఇరవై ఆరేళ్ళుగా అమ్మా అనడమే తప్ప పేరడిగిన పాపాన పోలేదు. ఏమని పిలవాలో అతనికి తెలియదని ఆవిడకు అప్పుడే అర్థమైంది.