డీజిలు కారు బేరం

మొయినాబాద్ నడిబజారులో పదిమందీ చూస్తుండగా శాంతయ్య కారు ట్యాంకులో డీజిలు నూనె పోశాడు. ఆ నూనెతో కారు అంగుళం కూడా కదలదని అతనొక్కడికే తెలుసు. నడిపించేది సీటు కింద దాచిన గ్యాలను డబ్బా పెట్రోలు. అందులోంచి ఒక సన్నటి గొట్టం గుట్టుగా ఇంజనుకు పోతుంది.

యుద్ధం మొదలైన దగ్గర్నుంచి పెట్రోలుకు కరువొచ్చింది. ఆ దారిన తిరిగే ఒక్క బస్సూ బందై ఆర్నెల్లయింది. డీజిలు నూనె మాత్రం బియ్యం మిల్లు ఇంజన్లకు ఇంకా దొరుకుతోంది. అలాంటప్పుడు డీజిలుతో నడిచే కారంటే ఎవరికి నోరూరదు? బయానా డబ్బులు జేబులో వేసుకుని సాయంత్రం బొంబాయి రైలెక్కాలని శాంతయ్య ఎత్తు. ఈ డొక్కు కారు కోసం పెళ్ళాం మెడలో గొలుసు అమ్మేశాడు. ఇవాళ బేరం కుదరకపోతే ఇంకో డబ్బా పెట్రోలు కొనే దిక్కు లేదు, ఇంటికెళ్ళి ఆమెకు మొహం చూపించే దారీ లేదు.

దొరికిన గిరాకీ మల్లప్ప. పెద్ద తలపాగా, గుబురు మీసం, ఏ మాత్రం తొందరలేని మనిషి.

"చిన్న మంగళారం బాట దాంక పోయొద్దాం పటేలా. నడక తెలుస్తది" అన్నాడు శాంతయ్య.

"గంతేనా? ఎద్దును కొంటే బరువు బండికి కట్టి, బురదల దించి చూస్తం. దీన్ని గూడ గట్లనే చూస్త. మా మందంత ఎక్కాలె, చేవెళ్ళ దాంక పోవాలె. గుంతలల్ల నడుములు ఇరగకుంటే అప్పుడు బేరం."

 చేవెళ్ళ పేరు వినగానే శాంతయ్య మనసులోనే మైళ్ళు లెక్కేసుకున్నాడు. ఎక్కడా ఆగకుండా పోతే డబ్బా బొటాబొటిగా సరిపోతుంది.

ఆగకుండా పోనిస్తేగా! ఊరు దాటగానే ఒక ముసలామె చంకలో కోడిపుంజుతో చెయ్యెత్తింది.

"ఒచ్చినవా కొడుకా!"

"మా పెద్దమ్మ బీరమ్మ" అన్నాడు మల్లప్ప. ఆమె ఎక్కింది, కోడీ ఎక్కింది. చిన్న మంగళారం మలుపులో ఉల్లిగడ్డల బస్తాతో సాముయేలు. "బావా, జర జరుగుండ్రి" అంటూ బస్తాతో సహా ఇరుక్కున్నాడు. ఇంకో మైలు పోగానే ముగ్గురు పిల్లల్ని వెంటేసుకుని విమలమ్మ. "అన్నా, ఆపుర్రి!" అని రోడ్డుకు అడ్డంగా నిలబడింది.

ఆగిన ప్రతిసారీ సీటు కింద పెట్రోలు తరుగుతూనే ఉంది. అయినా శాంతయ్యకు లోపల సంబరంగానే ఉంది. పట్నంలో పుట్టి పెరిగిన అతను ఒకే ఇంటికి ఇంత బలగాన్ని ఎప్పుడూ చూడలేదు. ఇంతమంది ఉన్నవాడికి కారు కొనక తప్పుతుందా!

"దీని అడుగు ఎంతెత్తు ఉన్నది? బండిబాటల నడుమ లేచిన మట్టిగడ్డ తగులుతదా?" మల్లప్ప అడిగాడు.

జవాబు చెప్పేలోపే తగిలింది. ఆ తర్వాత వాగు ఇసుకలో చక్రాలు దిగబడ్డాయి.

"జర దిగి నూకుండ్రి పటేలా."

"బాగున్నది! కొనేటోళ్ళం మేము నూకుడేంది?"

ఒక్కరూ దిగలేదు. స్టీరింగు మల్లప్పకు అప్పజెప్పి శాంతయ్యే వెనక నుంచి నెట్టాడు. చొక్కా తడిసి ముద్దయింది. సాముయేలు కళ్ళు మూసుకుని కారు కోసం ప్రార్థన చేశాడు. అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది శాంతయ్యే.

చేవెళ్ళ అంగడి కనబడేసరికి కారు రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. డబ్బా ఖాళీ.  ఎవరైనా సీటెత్తి చూశారంటే అంగడి జనమంతా కలిసి చితక్కొడతారు.

"ఇంజను వేడెక్కింది పటేలా, గంతే" అన్నాడు శాంతయ్య.

మల్లప్ప నిదానంగా దిగాడు. మీసం దువ్వుకున్నాడు.

"ఫికర్ లేదు. బండి మంచిగనే ఉన్నది. ఇంట్ల మాట్లాడి చెప్త."

శాంతయ్యకు పోయిన ప్రాణం లేచి వచ్చింది. అనుమానం రాలేదు! ఇక బయానా ఒక్కటే తరువాయి. ఆలస్యం చేస్తే చేజారుతుంది.

"ఇంటికి పోయి మాట్లాడుడేంది పటేలా? ఇంటోళ్ళంత ఈడనే ఉన్నరు గద. పెద్దమ్మా, నువ్వే చెప్పు. మల్లప్పకు ఏం చెప్తవు?"

బీరమ్మ కోడిని చంకలో సర్దుకుని, కొంగు ముడి విప్పుతూ మల్లప్ప వైపు తిరిగింది.

"బస్సు కిరాయే తీసుకుంటవా కొడుకా, కారని ఎక్కువ అడుగుతవా?"