సాలీడుకు ఆరు కాళ్ళు

తాతయ్య భార్యకు ఒక్క మాట సరిగ్గా చెప్పడం రాదు. ఇది ఎప్పుడో తేలిపోయిన సంగతి. మంగళవారాన్ని బుధవారం అనేది. పక్కింటి పొడుగాయన్ని పొట్టాయన అనేది. కాపురం చేసినన్నాళ్ళూ ఆవిడ మాటలు దిద్దీ దిద్దీ ఆయన నోరు అరిగిపోయింది. పోయినేడు ఆవిడ పోయింది. దిద్దడానికి ఏమీ మిగల్లేదు. అప్పట్నుంచి ఆయనకు మాటలు రెండే: "ఊఁ", "ఊఁహూఁ".

"ఇలాగే ఉంటే మనిషి మనకు దక్కడు" అని కొడుకూ కోడలూ వంటింట్లో గుసగుసలాడుకునేవారు.

"తాతయ్యా, చిన్నప్పుడు మీ బడి ఎలా ఉండేది?" అని నాలుగో తరగతి మనవరాలు అడిగింది.

"ఊఁ."

ఆ పిల్ల అడగడం మానేసి కంప్యూటర్ ముందు కూర్చుంది.

"ఏంటే అది?" అంది కోడలు.

"బడి పనమ్మా. మేమూ, వేరే ఊరి బడి పిల్లలూ కలిసి నెట్‌లో ఒకే పేజీ రాస్తున్నాం. ఇంట్లో ఉండే జీవి మీద పరిశోధన. ఇదిగో, అవతలి బడి నుంచి 'బుడంకాయ' అనే పేరుతో రాసింది చదువుతా. 'సాలీడుకు ఆరు కాళ్ళు.'"

తాతయ్య మంచం కిర్రుమంది.

"ఎన్నీ?"

"ఆరు తాతయ్యా."

"వాడి మొహం! ఎనిమిది! ఆ ముక్క కొట్టేసి ఎనిమిదని రాయి."

మనవరాలు రాసింది. అవతలినుంచి వెంటనే జవాబొచ్చింది. 'మా ఇంట్లో సాలీడుకు ఆరే.'

"వాడింటి సాలీడు కుంటిదేమో కనుక్కో!"

మర్నాడు బుడంకాయ నుంచి, తోక తెగిన బల్లి చచ్చిపోతుందని వచ్చింది. తాతయ్య తన బడి గోడ మీది బల్లికి తోక మళ్ళీ మొలిచిన వైనం చెప్పాడు. గోడ నుంచి కారే పెంకులకు, పెంకుల నుంచి మాస్టారి బెత్తానికి, బెత్తం నుంచి ఎక్కాలకు వెళ్ళాడు. మనవరాలు టకటకా కొట్టుకుంటూ పోయింది. అన్నం చల్లారిపోయింది.

ఆ తర్వాత సాయంత్రమైతే చాలు, గేటు దగ్గర నిలబడేవాడు.

"ఏమే, ఇవాళ ఆ వెధవ ఏం కూశాడు?"

"ఎలుక గుడ్లు పెడుతుందట తాతయ్యా."

"హవ్వ!"

ఒకరోజు కోడలు కెవ్వుమంది. "మావయ్యా! స్టూలెక్కారేంటి? పడతారు!"

"నువ్వుండమ్మా. కాళ్ళు లెక్కపెడుతున్నా."

"చిన్నపిల్లాడితో పంతమేంటి నాన్నా?" అన్నాడు కొడుకు.

"తప్పు తప్పే. రేపు బళ్ళో ప్రదర్శన. నా మనవరాలి పేరు కింద ఎలుక గుడ్డు పెడితే నేను తలెక్కడ పెట్టుకోను?"

"మా అసలు ప్రశ్న రేపే చెప్తాం తాతయ్యా" అంది మనవరాలు. "ముందే చెప్తే ఫలితం చెడిపోతుందని టీచర్ అన్నారు."

"చెడడానికేముంది? ఎనిమిది ఎనిమిదే."

ప్రదర్శన రోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని, పిల్లల బెంచీలో మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చున్నాడు. తెర మీద అవతలి బడి పిల్లలు ప్రత్యక్షమయ్యారు. ముందు పళ్ళు ఊడిన ఒక ఆడపిల్ల చెయ్యూపింది.

"నమస్తే తాతయ్యా! నేనే బుడంకాయని. సాలీడుకు ఎనిమిదని నాకు ముందే తెలుసు!"

తాతయ్య నోరు తెరిచాడు. తెర మీద అక్షరాలు వచ్చాయి.

'ప్రశ్న: మాట్లాడని తాతయ్యను మాట్లాడించడం ఎలా? అడిగితే ఒక్క మాట. తప్పు చెప్తే ఆపడం ఎవరి తరమూ కాదు.'

గది గొల్లుమంది. కోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తాతయ్య బెంచీలోంచి కాళ్ళు పీక్కుని లేచాడు.

"పదండి ఇంటికి. ఈ సంగతి జన్మలో నేనెత్తను. మీరెవరూ ఎత్తొద్దు."

గుమ్మం దాకా వెళ్ళాడు.

"తాతయ్యా, ఆఖరి వాక్యం ఇంకా ఉంది" అంది మనవరాలు.

"అందులో ఏం తప్పు ఏడిసింది?" అంటూ వెనక్కి తిరిగి చదివాడు.

'ఈ కిటుకు మా నానమ్మది.'