వదులు చైను

ఆ బండి కంటే ముందు దాని చప్పుడు వచ్చేది.

కట కట కట కట.

ధర్మవరంలో మగ్గాల సందు మొగదల ఇమ్మానుయేలు మెకానిక్ షెడ్డు. పని హిందూపురంలో నేర్చుకున్నాడు. పెనుకొండ నుంచి కూడా అతన్ని వెతుక్కుంటూ బండ్లు వస్తాయి. ఆ సంగతి ఎవరూ అడక్కపోయినా చెబుతాడు.

అంతటి మనిషి షెడ్డు ముందు నుంచే రోజూ పొద్దున ఒక బండి వదులు చైనుతో పోతోంది. నడిపేది ఒక పెద్దాయన. తెల్ల పంచె, నెరిసిన మీసం, నిటారైన వెన్ను. పక్కకు చూడడు. ఎవరినీ పలకరించడు.

"ఏమబ్బా ఇమ్మానుయేలూ, నీ షాపు ముందరే చైను తాళం వేస్తాండాదే!" అని టీ కొట్టు చంద్రప్ప నవ్వేవాడు.

ఇమ్మానుయేలుకు తల కొట్టేసినట్టుండేది.

పరువు సంగతి అటుంచినా, ఆ చైను ఏదో ఒక రోజు ఊడి చక్రానికి చుట్టుకుంటే పెద్దాయన ప్రాణానికే ముప్పు. అదీ అతని భయం.

ఆ రోజు సందు మొదట్లోనే బండికి అడ్డంగా నిలబడ్డాడు.

"ఆపు పెద్దాయనా. చైను వదులుగా ఉండాది."

"తెలుసులేప్పా."

"తెలిసే తిరుగుతాండావా? దిగు, బిగిస్తా."

"వద్దు. పోవాల."

"నా కండ్ల ముందర నువ్వు పడితే నా మొగం యాడ పెట్టుకోవాల?"

అంటూనే తాళంచెవి లాగేసుకున్నాడు. పెద్దాయన మీసం అదిరింది. అయినా బతిమాలే రకం కాదు. దిగి బల్ల మీద కూర్చున్నాడు.

ఇమ్మానుయేలు చైను కవరుకున్న రబ్బరు మూత తీసి, వేలు పెట్టి చైనును పైకీ కిందికీ ఆడించాడు. అంగుళం ఆడాల్సింది రెండంగుళాల పైనే ఆడుతోంది. పోయి కవరు రేకుకు కొట్టుకుంటోంది. చక్రం తిప్పి తిప్పి చూశాడు. అన్ని చోట్లా అంతే.

వింతేమిటంటే చైను అరగలేదు. స్ప్రాకెట్ పళ్లూ అరగలేదు. నూనె శుభ్రంగా వేసి ఉంది. బండి అద్దంలా ఉంది. వెనక అడ్జస్టర్ నట్ల మీద మాత్రం పానా పెట్టిన గుర్తులు తాజాగా కనిపించాయి.

"ఎవరు దీంట్లో చెయ్యి పెట్టింది? బిగించేది పోయి వదులు చేసినాడే!"

"నేనే," అన్నాడు పెద్దాయన.

"రాని పని పెట్టుకోగూడదు పెద్దాయనా."



ఇమ్మానుయేలు చక్రం నట్టు వదులు చేసి, రెండు వైపులా అడ్జస్టర్లను సమానంగా తిప్పాడు. అటూ ఇటూ గీతలు సరిచూసుకున్నాడు. చేతులు పని చేస్తుంటే నోరు ఊరుకుంటుందా?

"మెయిన్ రోడ్డు ఉండంగా ఈ గుంతల సందులో ఏంటికి పోతావు? పోయేది పోయి, సరిగ్గా ఆ నాలుగో ఇంటి కాడ యాక్సిలరేటర్ వదుల్తావు. వదిల్తే ఇంకా ఎక్కువ కొట్టుకుంటాది. ఆ ఇంట్లో మగ్గం నేసే అమ్మ కూడా నీ చప్పుడుకు చెయ్యి ఆపేస్తాది, పాపం."

పెద్దాయన చటుక్కున తలెత్తాడు.

"ఆపేస్తాదా?"

"దినామూ. నీ బండి సందు దాటేదంకా ఆ మగ్గం ఆడదు. ఈడికి ఇనపడతాది కదా."

"నిజంగానే ఆపుతాదా?"

"నేనేమన్నా అబద్ధం చెప్తాండానా? ఊరికే ఆమె పని చెడగొడతాండావు. మా సందులో ఆ నేతకు సాటి లేదు. ఆమె చీర కోసం బెంగుళూరు నుంచి కార్లేసుకొని వస్తారు."

"నేర్పినోడు గట్టోడై ఉంటాడు," అన్నాడు పెద్దాయన మీసం దువ్వుకుంటూ. నిటారు వెన్ను ఇంకాస్త నిటారైంది.

ఇమ్మానుయేలు నట్టు బిగించాడు. వెనక బ్రేకు సరిచేశాడు. పెద్దాయన్ని బండెక్కించి, చైనును మళ్లీ వేలితో చూశాడు. సరిగ్గా అంగుళం.

"ఇంక పో. పక్కనుండే మనిషికి కూడా ఇనపడదు."

పెద్దాయన తాళంచెవి తీసుకుని బండి స్టార్ట్ చేశాడు.

బండి మెత్తగా సందులోకి సాగింది. నాలుగో ఇంటి ముందు నిదానించింది. చప్పుడు లేదు. లోపల మగ్గం ఆడుతూనే ఉంది.

పెద్దాయన మొదటిసారి తల తిప్పి ఆ ఇంటి వైపు చూశాడు. తర్వాత వెళ్లిపోయాడు.

"చూసినావా చంద్రప్పన్నా? అదీ పనంటే!" ఇమ్మానుయేలు కాలరు ఎగరేశాడు.

ఇక ఆ పూటంతా అతన్ని పట్టడం ఎవరి తరమూ కాలేదు. సందుకు గోల తప్పింది, పెద్దాయనకు గండం తప్పింది, ఆ అమ్మకు నేత సాఫీగా సాగింది. ఇంతా చేసింది తన పానా!

మధ్యాహ్నానికి నాలుగో ఇంట్లో మగ్గం ఆగిపోయింది. ఎంతసేపటికీ మళ్లీ ఆడలేదు.

ఆ ఇంట్లో మగ్గం నేసే గంగాదేవి షెడ్డు దగ్గరికి వచ్చింది. వేళ్లకు పట్టుపోగులు అంటుకునే ఉన్నాయి. ఆమె ఎవరి గడపా తొక్కే మనిషి కాదు, ఎవరినీ ఏదీ అడిగే మనిషీ కాదు. పుట్టింటికి ఇష్టం లేని పెళ్లి చేసుకుందనీ, వాళ్లు పిలవలేదనీ, పిలవని ఇంటికి ఈమె పోలేదనీ సందులో చెప్పుకుంటారు.

మెచ్చుకోవడానికే వచ్చిందనుకుని ఇమ్మానుయేలు చేతులు తుడుచుకుని సిద్ధంగా నిలబడ్డాడు.

గంగాదేవి రోజూ బండి వచ్చే దారి వైపు చూసింది. 

"అన్నా, ఈ పొద్దు మా నాయన బండి చప్పుడు ఇనపడలేదు... మనిషి బాగానే ఉండాడా?"