లొంగని పంతొమ్మిది ఒకట్లు

చెల్లెలు సంచిలో రెండు చీరలు, తువ్వాలు, దువ్వెన సర్ది, పైన మందుల డబ్బా పెట్టింది.

"ఎన్ని సర్దినా సరే, ఈ ఇంట్లోంచి ఎవరూ కదలడం లేదు," అంది అక్క. శాలువా కప్పుకుని, వాచిన మోకాళ్ళు స్టూలు మీదికి చాపుకుని, కుట్టుబల్ల ముందు కూర్చుంది. "నా కళ్ళజోడు జోలికి మాత్రం రాకు."

"నీ కళ్ళజోడు ఎవరిక్కావాలి? ముక్కు మీదే ఉంచుకో."

బతుకంతా చెల్లెలు బట్టలు కత్తిరించిన బల్ల అది. ఇప్పుడు దాని అంచున సుద్దతో పంతొమ్మిది ఒకట్లు వరసగా రాసి ఉన్నాయి. ఆ మహా సంఖ్య ఏదో ఒక ప్రధాన సంఖ్యకు శేషం లేకుండా లొంగి తీరుతుందని చెల్లెలి వాదం. దేనికీ లొంగదని అక్క పంతం. ఒకటితో, మూడుతో ముగిసే ప్రధాన సంఖ్యలు అక్క వాటా. ఏడుతో, తొమ్మిదితో ముగిసేవి చెల్లెలి వాటా. ఒకరు భాగించింది ఇంకొకరు సరిచూడాలి. మొదలుపెట్టిన భాగహారం, శేషం తేలేదాకా వదిలి లేవకూడదు.

"ఇంకా ఆలస్యమైతే కష్టమని డాక్టరు చెప్పాడుగా అక్కా."

"గట్టెక్కే అవకాశం సగం సగం అని కూడా చెప్పాడు. రెండుతో భాగించడం ఎవడికైనా వస్తుంది. అంతకు మించి చదువుకోలేదా ఆయన? ఇదిగో, ఇది లొంగిన రోజే ఆసుపత్రి."

ఆసుపత్రి బండి డ్రైవరు చక్రాల కుర్చీ తోసుకుంటూ వచ్చి నేరుగా అక్క పక్కన ఆపాడు. "కూర్చోండి పెద్దమ్మా."

"దాన్ని వెనక్కి పట్టుకుపో."

"మొదట అందరూ ఇలాగే అంటారమ్మా."

"నన్ను అందరిలో కలపకు. ఇక్కడ లెక్క నడుస్తోంది."

అతను బల్ల వైపు చూశాడు. "ఫోనులో కొడితే క్షణంలో తేలిపోతుంది కదమ్మా."

"పేకాటలో ఎవరు గెలుస్తారో ముందే చెబితే, కూర్చుని ఆడతావా?"

చెల్లెలు నవ్వుతూ సుద్ద అందుకుంది. పదివేల ఏడు వంతు. బల్ల పొడుగునా అంకెలు దించుకుంటూ పోయి, చివర గీత కొట్టింది.

"శేషం సున్నా. లొంగిపోయింది. ఇక లే."

అక్క తొందరపడలేదు. భాగఫలంలోని అంకెలు కూడి, తొమ్మిదులు తీసేసి, అటూ ఇటూ సరిపోల్చింది.

"దొంగదానా. మళ్ళీ చెయ్యి."

చెల్లెలు మళ్ళీ చేసింది. ఈసారి శేషం మిగిలింది.

"చూశావా, నేనుండగా లొంగదు," అంది అక్క.

చెల్లెలు ఆమె చేతి మీద చెయ్యి వేసింది. "సరే, నువ్వే గెలిచావు. ఇక పోదాం అక్కా."

అక్క సుద్దముక్క చెల్లెలి చేతిలో కుక్కింది. "పదివేల తొమ్మిది. అదీ నీ వాటాయే. మొదలుపెట్టు."

"ఇప్పుడెక్కడ టైముంది?"

"మొదలుపెట్టమన్నాను. పూర్తి చెయ్యమనలేదు."

చెల్లెలికి అర్థమైంది. మూడు ఒకట్లు పైన వేసి, శేషం నూట పన్నెండు దగ్గర సుద్ద పక్కన పెట్టింది.

"దీన్నెవరూ తుడవరు," అంది అక్క. "మధ్యలో లేవకూడదన్నది మన నియమం. కాబట్టి ఇప్పుడు లేచినా లేచినట్టు కాదు. వచ్చి పూర్తి చెయ్యాల్సిందే. ఎవడు అడ్డొస్తాడో నేనూ చూస్తాను."

కుర్చీని కాలితో పక్కకు నెట్టి, గోడ పట్టుకుని తనే లేచి, గుమ్మం దాటింది.

"మొండి మనిషి," అన్నాడు డ్రైవరు.

"చిన్నప్పటి నుంచీ అంతే," అంటూ చెల్లెలు సంచిని కుర్చీలో పెట్టి, దాని పిడి పట్టుకుని నెమ్మదిగా వెనకే నడిచింది.

బల్ల మీద పదివేల తొమ్మిది ఇప్పటికీ నూట పన్నెండు దగ్గరే ఉంది. ఒకటితో, మూడుతో ముగిసే సంఖ్యలు మాత్రం చాలా ముందుకు వెళ్ళాయి.

ఆ వచ్చిన శుక్రవారం తన ఆపరేషన్ కోసం లోపలికి వెళ్ళిన చెల్లెలు తిరిగి రాలేదు.